మాట పోయిన ఎండాకాలం

కూచ్చో పాపా. అట్ల అరుగు అంచున సగం కూచ్చోని, సగం లేసిపోయేకి తయారుగా కాదు. బాగ కాళ్లు ముడుచుకోని కూచ్చో. ఫోను లోపల పెట్టు అందామనుకుంటి, దాంట్లోనే రాస్తానంటివి, సరే. నేను చెప్పింది చెప్పినట్ల రాయాల. నీ కాలేజీ తెలుగు దీంట్లో కలపొద్దు. రేపు మళ్ళా నాకు చదివి వినిపిస్తే అది నా మాటేనని నాకు తెలియాల.

యాల రాపిస్తాండావవ్వా అని పొద్దున్నించి అడగతాండావు. భయానికి పాపా. ఇంగేం లేదు. మాత్రలు మానొద్దమ్మా, పక్షవాతం ఒగసారి వచ్చినోళ్లకు మళ్ళా వచ్చేది ఉంటాది అని డాక్టరు చెప్పినాడు గదా. మళ్ళా వస్తే నోరు ఉంటాదో ఉండదో. ఉన్నప్పుడే చెప్పేస్తే మీ తావ ఉంటాది. ఊర్లో ఇంగెవురికన్నా ఇట్లయితే వాళ్లింట్లోవాళ్లకూ పనికొస్తాది. నవ్వుతాండావేం? నేను మాట్లాడకుండా ఉండింది నువ్వు చూళ్లేదులే. నీకు పరీక్షలని, హాస్టల్లో ఉండే పిల్లకు చెప్పొద్దని మీ నాయన అందరి నోర్లూ మూపిచ్చినాడు. నా నోరు ఎట్లాగూ మూసుకోనే ఉండె.

ఉగాది పోయి కొన్నాళ్లయింటాది. ఎండ పొద్దున్నే మండతాంది. మీ నాయన బోరు చూసేకి చేను కాడికి పోయినాడు. మీ అమ్మ రాయదుర్గం బస్సుకు తల దువ్వుకుంటాంది, జీన్సు ప్యాంట్లు కుట్టేకి పోవాల గదా. నేను పొయ్యి కాడ సంగటి కెలకతాండా. కట్టె జారి కింద పడె. వంగి తీసుకుందామంటే చెయ్యి పోలా. నా చెయ్యే, నా భుజానికే ఉండాది, నేను చూస్తానే ఉండా. పో అంటే పోదు. ఎవురిదో చెయ్యి తెచ్చి నాకు తగిలిచ్చినట్ల ఉండె.

"సుజాతా, ఈ కట్టె తీయమ్మా" అంటి.

నా చెవికి నేను బాగనే అంటి పాపా. మీ అమ్మ దువ్వెన పట్టుకోని అట్లనే నిలబడిపాయ. "ఏందత్తా, అట్ల మాట్లాడతాండావు?" అనె. నేను మళ్ళా చెప్తి. ఇంగా గట్టిగా చెప్తి. ఆయమ్మ మొగంలో నెత్తురు లేకపాయ. అప్పుడు తెలిసె నాకు, లోపల నేననుకునే మాట ఒగటి, బయటికొచ్చేది ఇంగొగటి అని. నొప్పి లేదు, గాయం లేదు. పొయ్యి మింద సంగటి మాడతా ఉండాది, ఆ వాసన తెలస్తాంది. "సంగటి మాడతాంది" అనే రెండు మాటలు మాత్రం రావు. అంత భయం నేను మీ తాత పోయినప్పుడు కూడా పడలేదు.

ఇంగ ఈడ జరిగిన తప్పు చెప్తా, అది బాగ రాయి. ఊరంతా వచ్చేసె. పక్కింటి హనుమక్క నన్ను చూసీ చూడకనే మీ నాయనతో, "గాలి సోకింది నాగూ, ఆలస్యం చేయకుండా బిన్న పసరు పోపియ్యి, ఆసుపత్రికి పోతే సూదులేసి ఇంగా చెడగొడతారు" అనె. ఆయమ్మ చెడ్డది కాదు, నా మింద ప్రేమతోనే అనింది. మీ నాయన అప్పుడే చేన్లో నించి పరిగెత్తుకోని వచ్చినాడు, కాళ్లకు చెప్పులు కూడా లేవు. వాడికేం తోచలా. నన్ను ఆటోలో పండబెట్టి పసరు పోసే ఆయప్ప తావకు తోలకపోయినాడు. ఆడ ముందరే ఒగ గుంపు కాచుకోని ఉండాది. వేపచెట్టు కింద మా వంతు కోసరం కూచ్చుంటిమి. ఆయప్ప ముక్కులో పసరు పోసినాడు, మంటకు కండ్లల్లో నీళ్లు. ఆమైన పావురం రక్తం పూస్తే చెయ్యి లేస్తాదని చెప్పినాడు. ఎవురో పావురాన్ని తెచ్చిరి. దాన్ని పట్టుకోని నా చెయ్యి పక్కన పెట్టినారు. దాని కన్ను ఎర్రగా, గుండ్రంగా నన్నే చూస్తాండె. దాని గుండె కొట్టుకునేది నాకు కనపడతాంది. వద్దురా అంటాండా నేను. ఎవురికీ వినపళ్లేదు. ఆ రక్తం వెచ్చగా చేతి మింద పోసినారు. వెచ్చగుండాదని ఆ చేతికి తెలీలా. భుజం కాడ పడిన చుక్క మాత్రం తెలిసింది.

అయినా చెయ్యి లేయకపోతే, పొద్దు వాలేటప్పటికి అనంతపురం ఆసుపత్రికి చేరితిమి. ఆ డాక్టరు చిన్నోడు, మీ సీనియర్ల మాదిరుండాడు. నా చెయ్యి మింద ఎండిన నెత్తురు చూసి, ఇదేందని అడిగి, మీ నాయన చెప్పింది విన్నాడు. "పొద్దున్నే నేరుగా ఈడికి తెచ్చింటే ఎంత బాగుండేదన్నా" అన్నాడు. అరవలా. అరిచింటే మీ నాయనకు మేలుగా ఉండేది. ఇది పెద్దక్షరాలతో రాయి: నోరు వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా, పసరు వద్దు, పావురం వద్దు, నేరుగా ఆసుపత్రి. హనుమక్కకు కూడా చదివి వినిపియ్యి. ఏమీ అనుకోదులే. అనుకుంటే అనుకోనీ.

ఆసుపత్రిలో చానా వరకు కాచుకునేదే. ఆ స్కానింగ్ రూము బయట తోపుడు మంచం మింద పండబెట్టి గోడకు ఆనిచ్చిరి. పైన ఫ్యాను తిరగదు. పొయ్యేవాళ్లు వచ్చేవాళ్లు అందరూ మంచం తగిలిచ్చుకుంటా పోతారు. లోపలికి పోయినాక ఒగ నర్సు పాప వచ్చి, "నీ పేరేందమ్మా?" అని అడిగె. నా పేరు నాకు తెలుసు గదా. లోపల ఉండాది. అంజినమ్మ అని నా కండ్ల ముందరే ఉండాది. నోటికి రాలా. "పేరు కూడా తెలీదు సార్" అని ఆ పాప గట్టిగా చెప్పి రాసుకునె. పాపా, ఆ పొద్దు నేను చచ్చిపోతానని భయపళ్లేదు. చావకుండా ఇట్లనే ఉండిపోతానేమోనని భయపడితి.

ఎందుకంటే నేను చూసినా గదా. మా అత్తను, మీ నాయనకు జేజి. ఆయమ్మకూ ఇట్లనే వచ్చి మాట పాయ. చానా ఏండ్లు ఈ అరుగు మీదనే, ఇదే జాగాలో మంచం మింద పండుకోని ఉండె. నేనే చూసుకుంటి. నాకప్పుడు చిన్న వయసు, మీ తాత చేనుకు పోతే ఇంట్లో మాట్లాడేకి ఇంగెవురూ లేరు. ఇంగేం చేస్తా, ఆయమ్మ తావనే మాట్లాడతాంటి. ఎనుము ఈనింది అత్తా, కందిచేనుకు పురుగు పడింది అత్తా, ఫలానా కోడలు మొగునితో కొట్లాడి పుట్టింటికి పాయ అత్తా. ఆయమ్మ గోడ తట్టు చూస్తా ఉంటాండె. గోడతో మాట్లాడతాండా అనుకుంటాంటి. నేను మాట నిలిపితే ఆయమ్మ గాజులున్న చేత్తో మంచంపట్టె మింద టక్ టక్ అని కొడతాండె. నీళ్లేమోనని తెచ్చిస్తే తాగదు. ఊరికే కొడతాందిలే అనుకుంటి. ఇది గుర్తు పెట్టుకో, మళ్ళా చెప్తా.

వార్డులో నా పక్క మంచం ఖాసింబీది. చక్కెర జబ్బు, కాలికి పుండు. ఆయమ్మ మాత్రం పొద్దున్నే లేసి నా తట్టు తిరిగి, "ఏమక్కా, తింటివా?" అని అడగతాండె. నాకు మాట లేదని ఆయమ్మకు తెలుసు. అయినా అడిగి, ఆగతాండె. నేనేదో చెప్తానన్నట్ల నా మొగం చూస్తా ఆగతాండె. నేను కన్ను ఆర్పితే, "ఆ, ఇడ్లీ బాగలేదా? నాకు కూడా బాగలేదు" అని తనే చెప్పుకుంటాండె. మిగిలినోళ్లందరూ నా మింద మాట్లాడతాండ్రి పాపా. నా తలకాయ పైన, అవతలోళ్లతో. తింటాందా, పోసిందా, రాత్రి పండుకునిందా. నన్ను అడిగేది ఎవురూ లేరు. అడిగి ఆగేది ఆ తుర్కోళ్ల ఆయమ్మ ఒగతే. ఆయమ్మను ముందర ఇంటికి పంపిచ్చేసిరి. పోతా పోతా నా చెయ్యి పట్టుకోని, "మంచిగైతావక్కా" అని చెప్పి ఆగె. నేను కన్ను ఆర్పితి. ఆ పక్క మంచం ఖాళీ అయినాక నన్ను అడిగేవాళ్లు లేకపాయ.

ఇంటికి తెచ్చిరి. ఇదే అరుగు. ఇదే మంచం, మా అత్తది. వాళ్లేం ఆలోచించి వేయలా, గాలి వస్తాదని వేసినారు. ఆ మంచంపట్టెకు చెయ్యి తగిలితే వెనక్కి లాక్కుంటి.

మీ అమ్మ కుట్టేకి పోయేది నిలిపేసె. ఆయమ్మకు ఆ పని అంటే ప్రాణం. బస్సులో నేస్తురాండ్లతో నవ్వుకుంటా పోతాండె. మీ నాయన, మీ అమ్మ నా ముందరే కొట్లాడతాండ్రి. "మీ అమ్మను నేనే చూడాలంటే ఎట్ల, మీ అక్కను పిలిపియ్యి" అని ఆయమ్మ, "మా అక్కకు వాళ్లత్త లేదా?" అని వీడు. ఇద్దరిదీ న్యాయమే. నాకు అర్థం కాదని వాళ్లనుకునేది. నాకు ప్రతి మాటా అర్థమవుతాంది. పాపం మీ అమ్మ ఒళ్లు అలిసి, ముద్ద చేసి నా నోట్లో పెడతాండె. తింటావా అని అడగకుండానే. పెట్టి, నోరు తుడిసి పోతాండె. ఆయమ్మను అనేకి కాదు ఇది. రాయి, కానీ మీ అమ్మను అనేకి కాదని కూడా రాయి.

చిలమత్తూరు నించి మా తమ్ముడు, మీ నాయనకు మామ, బ్రెడ్డు, అరటిపండ్లు తీసుకోని వచ్చినాడు. మంచం కాడ నిలబడి చూసినాడు. కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు. మీ నాయన తట్టు తిరిగి, "ఇట్ల బతికి ఏం పని నాగూ? దేవుడు తీసుకపోతే అక్కకూ మేలు, మీకూ మేలు" అన్నాడు. ప్రేమతో అన్నాడు. నేను ఎత్తుకోని తిప్పిన తమ్ముడు. మీ నాయన నేల చూస్తా, "ఏమో మామా" అన్నాడు.

ఆ మాట నాలో దిగిపాయ. టీవీలో స్వాములోరు పొద్దున్నే చెప్తాంటారు గదా, మనిషి యాల పుట్టినాడో తెలుసుకోవాలని. నేను దానికి సంగటి కెలక్కుంటా ఊ కొడతాంటి. ఇప్పుడు మంచం మింద పండుకోని అదే అడుగుతాండా. యాల పుడితి? పిల్లోళ్లను కనింది, చేన్లో కలుపు తీసింది, అయిపాయ. ఇప్పుడు చెయ్యి లేదు, నోరు లేదు. ఇంగ నేనేమి? మా తమ్ముడు అనింది నిజమేనేమో. అందరూ అట్లనే అనుకుంటాండారేమో. అన్నిటికన్నా పెద్ద భయం ఏందంటే, నాకే అట్ల అనిపిస్తాంది. ముద్ద నోట్లో పెడితే మింగకుండా పెట్టుకుంటాంటి. మీ అమ్మ భయపడి గొంతు నిమిరితే మింగుతాంటి. ఇది మీ అమ్మకు చెప్పొద్దు. సరే, రాసేసినావా? ఉండనీలే.

ఆమైన విత్తనాల కాలం వచ్చె. నీకు తెల్సు గదా, తెలీనోళ్లకు రాయి. చెనిక్కాయలు మిషన్లో వేస్తే పప్పు పగిలిపోతాది, పొట్టు లేసిపోతాది, అట్లాది మొలవదు. అందుకే విత్తనానికి చేత్తోనే ఒలిచేది. వాన రాకముందే, యాడన్నా మోడం కనపడుతుందేమోనని పైకి చూసుకుంటా, వీధిలో ఆడోళ్లంతా ఒగరింట్లో ఒగరు కూచ్చోని ఒలుస్తారు. ఒలిచేవాళ్లు నోట్లో వేసుకుంటే విత్తనం తగ్గిపోతాది. వద్దని చెప్పేకి బాగుండదు. దానికి మీ తాత ఒగ ఉపాయం కనిపెట్టె. "అంజినమ్మను నడుమ కూచ్చోబెట్టండి" అంటాండె. నేను కథ చెప్తాంటే వినేవాళ్లు నోట్లో వేసుకునేది మర్సిపోతారు. అందుకే మా ఇంట్లో కాయలు లేకపోయినా నన్ను ఊరంతా పిలుస్తాండ్రి. నేను ఒలిచేది తక్కువే. మాట్లాడేకే పిలిచేది.

ఆ పొద్దు మా ఇంటి కాయలు. అరుగు ముందర పట్టలు పరిసినారు. నన్ను మంచంతో సహా కొంచెం జరిపినారు. ఆడోళ్లంతా కూచ్చుండిరి. ఎవురూ మాట్లాడరు. నన్ను చూసి తలకాయ వంచుకుంటారు. టిక్ టిక్ అని కాయలు పగిలే చప్పుడొకటే. మంచం మింద నించి నాకు అందరూ కనపడతాండారు గదా, హనుమక్క బుగ్గ ఇంత లావుండాది, దవడ ఆడతాంది. విత్తనాలు తింటాంది పాపా! మీ అమ్మ చూసి కూడా ఏమీ అనలేకుండా ఉండాది.

హనుమక్కకే తోచలేదేమో, నమిలింది మింగి, మొదలుపెట్టె. "అంజినమ్మ పెండ్లిచూపుల కథ నేను చెప్తా వినండే" అనె. అది నా కథ, నా చేత ఎన్నోసార్లు విన్నారు. మీ తాత చిలమత్తూరుకు సైకిల్ మింద వచ్చె, తెల్లపంచ. మా ఇంటి ముందర బోదగడ్డి కప్పిన కొట్టం పక్కన చింతపండు ఎండేసి ఉంటిమి. సైకిలుతో సహా పోయి దాంట్లో పడె. పంచంతా చింతపండు అంటుకోని, అట్లనే లోపలికొచ్చి కూచ్చునె. ఇంతవరకూ హనుమక్క బాగనే చెప్పె. "యాల పడినాడంటే, కుక్క అడ్డమొచ్చెనంట" అనె.

కుక్క! నా మొగుడు కుక్కకు పడినాడంట!

మంచంపట్టె మింద నా ఎడమ చెయ్యి టక్ టక్ అని కొడతాంది, నాకే తెలీకుండా. మీ అమ్మ నీళ్లు తెచ్చె. తల తిప్పితి. అప్పుడు, పాపా, ఒళ్లంతా చెమట్లు పడితే వచ్చె: "కా... దు."

టిక్ టిక్ నిలిచిపాయ. హనుమక్క నోరు తెరుచుకోని ఉండాది, దాంట్లో ఇంగా రెండు గింజలు. మీ అమ్మ చెంబుతో పక్కన కూచ్చునె. "ఏమత్తా? కుక్క కాదా? మరేంది?" అని అడిగి, ఆగె. నా మొగం చూస్తా ఆగె. ఆసుపత్రిలో ఖాసింబీ ఆగినట్ల. ఎంతసేపో నాకు తెలీదు.

"న... న్ను" అంటి.

నన్ను చూస్తా పడినాడు. గుంజ పక్కన నిలబడి ఉంటి నేను. కుక్క లేదు, ఏం లేదు. నన్ను చూస్తా పడినాడు.

ఆడోళ్లు ఏడ్సిరి, నవ్విరి, మళ్ళా ఏడ్సిరి. హనుమక్క, "నీ మొగునికి కుక్క కన్నా నువ్వే ప్రమాదం కదే" అనె. అందరూ పోయినాక మీ అమ్మ నా పక్కన కూచ్చోని మెల్లగా, "అత్తా, నీకు అంతా అర్థమవుతాండెనా? మేం కొట్లాడింది? మీ తమ్ముడనింది?" అని అడిగె. నేను కన్ను ఆర్పితి. ఆయమ్మ కొంగు మొగానికి అడ్డం పెట్టుకునె. నేను మంచంపట్టె మింద కొడితి, టక్ టక్. "నీళ్లు కాదా అత్తా? మరేం కావాల?" అనింది. మాట్లాడు, అంటాండా లోపల. మాట్లాడు. మీ అమ్మ కనిపెట్టలేక, ఊరికే తోచింది చెప్పె. రాయదుర్గంలో కుట్టే కాడ సూపర్వైజరు ఎట్ల అరుస్తాడో చేసి చూపిచ్చె. నేను కొట్టేది నిలిపితి.

అప్పుడు తెలిసింది నాకు, మా అత్త ఏండ్ల పొద్దు ఏం అడిగిందో. నీళ్లు కాదు. నేను గోడతో మాట్లాడలేదు పాపా.

వాన ఆలస్యంగా వచ్చె, వచ్చినంతవరకే వచ్చె. నా మాట కూడా అట్లనే. ఇప్పటికీ గడియారం అనబోతే గొడుగు వస్తాది, నువ్వు నవ్వుతావు. చెయ్యి ముక్కాలు లేస్తాది. పొద్దున్నే కండ్లు తెరిసేకి ముందర నేనేం చేస్తానో ఎవురికీ చెప్పలా. మూసుకోనే, మెల్లగా, నాగూ, సుజాతా, పాపా అని మీ పేర్లు చెప్పుకుంటా. బయటికి సరిగ్గా వచ్చినాయని చెవికి తెలిసినాకనే కండ్లు తెరుస్తా. దినామూ ఆ కొంచేపు నా గుండె ఆ పావురం గుండె మాదిరి కొట్టుకుంటాది.

పడమటి వీధి సీనప్పకు మొన్న ఇట్లనే అయింది, చూసినావు గదా. నేను సాయంత్రం కట్టె పట్టుకోని పోయి ఆడ కూచ్చుంటా. ఏం సీనప్పా, తింటివా, అని అడిగి ఆగతా. వాళ్ల కోడలు మొదట నాకు మతి పోయిందనుకునె. ఆయప్పకు మాట రాదు, వస్తాదో రాదో. ఊర్లో సంగతులన్నీ చెప్తా. చెప్పేటప్పుడు నాకు భయమే, ఆ మంచంలో నన్నే నేను చూస్తాండా గదా. ఒగోసారి లేసి వచ్చేద్దామనిపిస్తాది. మాట నిలిపితే ఆయప్ప కండ్లు నా తట్టు తిరుగుతాయి. ఇంగ యాడికి పోతా? యాల పుడితివి అని స్వాములోరు అడిగితే ఇదే అని చెప్పేకి నాకు సిగ్గు. ఇంత చిన్న పనికా ఒగ మనిషి పుట్టేది? ఏమో పాపా. పెద్ద పని ఇంగొగటి ఉండాదేమో, నాకు కనపళ్లేదు. ఇది కనపడె.

ఇంగ అసలుది రాసుకో, దీనికే నిన్ను కూచ్చోబెట్టింది. నాకు మళ్ళా మాట పోతే, ఆసుపత్రి నించి తెచ్చినాక, ఇది నాకు చదివి వినిపియ్యి. నా ముందర నన్ను గురించి మాట్లాడొద్దండి, నాతో మాట్లాడండి. ముద్ద నోట్లో పెట్టేకి ముందర తింటావా అని అడగండి. అడిగి, జవాబు రాకపోయినా కొంచేపు ఆగండి. ఎంతసేపు అంటావా? అది

"అత్తా! సంగటి చల్లారిపోతాంది, తింటావా లేదా?"

వింటివా పాపా? అడిగింది. చూడు, తెడ్డు పట్టుకోని వాకిట్లో నిలబడి ఆగింది కూడా. వస్తాండా సుజాతా, వస్తాండా! సంగట్లోకి ఊరిబిండి నూరినావా? నా చెయ్యి పట్టుకో పాపా, లేపు. ఆ, ఎంతసేపు ఆగాలంటే, రాసుకో, నేను గనక... ఉండు పాపా, తినొచ్చి చెప్తా, ఆగు.